మన వినాయకుడు పేదవాడా అమ్మా?

ప్రశ్న: మాది హైదరాబాద్. బాబుకి ఎనిమిదేళ్లు, పాపకి ఐదు. పోయిన ఏడాది వినాయక చవితికి రంగుల బొమ్మ వద్దని జానెడు మట్టి వినాయకుణ్ణి కొన్నాను. థర్మోకోల్ మండపం, మెరుపు కాగితాలు, ప్లాస్టిక్ దండలు అన్నీ మానేశాను. కింద అపార్ట్‌మెంట్ మండపంలో ఏడడుగుల విగ్రహం, లైట్లు, డీజే. మావాడు అది చూసొచ్చి "మన వినాయకుడు పేదవాడా అమ్మా?" అని ఏడ్చాడు. "పండగపూట పిల్లాణ్ణి ఏడిపించావు" అన్నారు అత్తగారు. మావారు నవ్వి ఊరుకున్నారు. దీపావళికీ టపాసుల దగ్గర ఇదే గొడవ. మళ్లీ చవితి వస్తోందంటే టెన్షన్‌గా ఉంది. నేను చేసింది తప్పా?

జవాబు: తప్పేమీ లేదమ్మా. కానీ మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో మీరు వద్దన్నవి వరసగా ఉన్నాయి. వాటికి బదులు పిల్లల చేతికి ఏం ఇచ్చారో ఒక్క మాట లేదు. మట్టి బొమ్మను కూడా మీరే కొని, మీరే పీట మీద పెట్టారు. రంగుల బొమ్మలు కలిపితే చెరువులు పాడవుతాయని మీకు తెలుసు కాబట్టి మీకది మంచి పని. మీవాడికి మాత్రం అంతకుముందు ఏడు ఉన్నవన్నీ పోయినేడు లేకుండా పోయాయి, అంతే.

ముందు వాడి ప్రశ్నకు జవాబు చెబుదాం. ఖైరతాబాద్ వినాయకుడు 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలయ్యాడు. 2022లో అక్కడ 50 అడుగుల విగ్రహాన్ని మట్టితోనే చేశారు. ఈ కథ వాడికి చెప్పి, జనం తక్కువుండే పొద్దుటిపూట ఒకసారి చూపించుకు రండి. మట్టి అంటే పేదవాళ్ల సరుకన్న లెక్క అక్కడే తేలిపోతుంది. ఇంట్లో ఇంకో పని కూడా చేయొచ్చు. రెండు గ్లాసుల్లో నీళ్లు పోసి ఒకదాంట్లో ఎండిన మట్టి ఉండ, ఇంకోదాంట్లో విరిగిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మ ముక్క వేయించండి. మట్టి కాసేపటికి విడిపోతుంది. ఆ ముక్క మర్నాటికీ అలాగే ఉంటుంది. మీరు ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. వాడే నాన్నమ్మకు చూపిస్తాడు.

ఈసారి బొమ్మ కొనకండి. పార్వతీదేవి నలుగుపిండితో బొమ్మ చేసిందే కానీ కొట్టుకెళ్లి తేలేదు కదా! (ఆన్‌లైన్‌లో తెప్పిస్తే 'ఎకో ఫ్రెండ్లీ' వినాయకుడు కూడా ఒక్కోసారి థర్మోకోల్ పెట్టెలో కూర్చుని వస్తాడు. అదో వింత.) మట్టి తెచ్చే పని మీవారికి అప్పగించండి. ఆయన నవ్వు మిమ్మల్ని ఎంత బాధపెట్టిందో పిల్లలు పడుకున్నాక విడిగా చెప్పండి. మట్టిని జల్లెడ పట్టి, రాత్రంతా నానబెట్టి, చపాతీ పిండిలా బాగా పిసకాలి. చేతులూ తొండమూ అతికించేచోట కాస్త గీతలు పెట్టి, జారుగా కలిపిన మట్టి రాస్తే పట్టుకుంటాయి. పండగకు నాలుగైదు రోజుల ముందే చేసి నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే పగుళ్లిస్తుంది. కళ్లకు గురివింద గింజలు పెట్టడం మన ఇళ్లలో ఉన్నదే. అయితే ఆ గింజ నమిలితే ప్రాణానికే ముప్పు. ఐదేళ్ల పాప ఉన్న ఇంట్లో మిరియాలు పెట్టండి, చక్కగా కుదురుతాయి.

పిల్లలు చేసిన బొమ్మ పూజకు పనికిరాదని అత్తగారు అంటారేమోనని మీ భయం కావచ్చు. ఆ నిర్ణయం ఆవిడకే వదిలేయండి. పెద్ద పూజకు ఏ బొమ్మనైనా ఆవిడ ఎంచుకోనివ్వండి. ఎలాగూ పూజలో ముందు పసుపు గణపతిని చేస్తాం కదా, ఆ పసుపు ముద్ద పాప చేతికివ్వండి. బాబు చేసింది పక్కనే కూర్చుంటుంది.

అసలు ఈ విషయంలో మీకు అత్తగారే పెద్ద దిక్కు. మీరు ఆవిణ్ణి అవతలి పక్షంలో లెక్కేశారు. పూజలో చదివే ఇరవై ఒక్క పత్రుల్లో మనలో చాలామందికి తులసి, మామిడి, గరిక తప్ప తెలియవు. బజారులో కట్ట కట్టి అమ్మేదాంట్లో ఏ ఆకు ఏదో అమ్మేవాళ్లకే తెలియదు. ఉత్తరేణి ఎలా ఉంటుంది, వావిలి ఆకు నలిపితే ఏ వాసన వస్తుంది, మారేడు దళానికి మూడాకులు ఎందుకు చూసుకోవాలి, ఇవన్నీ ఆవిడకు తెలిసే ఉంటాయి. పిల్లల్ని ఆవిడతో పంపండి. ఇరవై ఒకటీ దొరకాలని పంతం వద్దు. ఆరు గుర్తుపట్టినా చాలు, కొమ్మలు విరవకుండా నాలుగేసి ఆకులు కోస్తే చాలు. ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు మాత్రం పిల్లలు ముట్టకూడదు, మూడూ విషమే. జిల్లేడు పాలు కంట్లో పడితే పెద్ద ప్రమాదం. పత్రి పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కున్నాకే ఉండ్రాళ్లు.

అలంకరణకు పాలవెల్లి కట్టించండి. మొక్కజొన్న పొత్తులు, వెలక్కాయలు, బత్తాయిలు వేలాడదీయడం పిల్లలకు భలే సరదా. మర్నాడు తినేయొచ్చు కూడా.

అపార్ట్‌మెంట్ మండపానికి వెళ్లొద్దని మాత్రం అనకండి. స్నేహితులంతా అక్కడే ఉంటారు. "మీది ప్లాస్టర్ బొమ్మ" అని వాళ్లను దెప్పే పని వాడికి నేర్పకండి. అది కమిటీ మీటింగ్‌లో మీవారు మాట్లాడాల్సిన విషయం, అదీ విగ్రహం ఆర్డర్ ఇచ్చే ముందు.

దీపావళి గురించి ఎక్కువ చెప్పను. టపాసులు పూర్తిగా బంద్ అంటే మళ్లీ అదే ఏడుపు. డబ్బు ఇంతని ముందే చెప్పి, చప్పుడు లేనివి కొన్ని వాణ్ణే ఎంచుకోనివ్వండి. గోగుకట్టెలకు నూనె గుడ్డ చుట్టి, వెలిగించి "దిబ్బు దిబ్బు దీపావళి" అంటూ కొట్టే ఆనవాయితీ మీ అత్తగారి ఊళ్లో ఉండేదేమో అడగండి. ఉంటే ఆవిడే చేయిస్తారు. నూలు బట్టలు వేసి, పక్కన నీళ్ల బకెట్ పెట్టుకుని, పెద్దవాళ్లు దగ్గరుండాలి.

చవితి నిమజ్జనం ఇంట్లోనే, బకెట్‌లో. పత్రి, పూలు విడిగా తీసేసి, కరిగిన మట్టిని తులసి కాకుండా వేరే కుండీలో పోయించండి, అందులో బాబు తనకిష్టమైన విత్తనం వేసుకుంటాడు. వాడు చేసిన బొమ్మ వంకరగా వచ్చినా మీరు సరిచేయకండి. మా ఇంట్లో ఒక ఏడాది తొండం మూడుసార్లు ఊడింది. చివరికి అగ్గిపుల్ల గుచ్చి నిలబెట్టాం, పూజ బాగానే జరిగింది.