ప్రశ్నల కాగితం కాసేపు సంచిలోనే ఉంచు

అమ్మడూ,

పల్లెల్లో పర్యావరణం ఎలా మారిందో ఇంటింటికీ వెళ్లి అడగడానికి నువ్వు రాసిన ప్రశ్నపత్రం చదివాను. మొదటి ప్రశ్నే "మీ ప్రాంతంలో పర్యావరణం క్షీణిస్తోందని భావిస్తున్నారా?" అని పెట్టావు. కొట్టెయ్. అలా అడిగితే ఎవరైనా "అవునండీ" అంటారు. ఆ మాట కోసమే నువ్వు వచ్చావని వాళ్లకి తెలిసిపోతుంది.

నేనూ మొదట్లో అదే పని చేశాను. రోజంతా తిరిగి కాగితాలు నింపితే అన్నిట్లో ఒకటే జవాబు. సంచి సర్దుకుని లేచాక ఒక ముసలావిడ అంది: "మా అత్త ఉన్నప్పుడు ఈ బావికి ఎనిమిది మూరల తాడు సరిపోయేది. ఇప్పుడు ఇరవై కూడా అందట్లేదు." నాకు కావాల్సింది అదే. రాద్దామంటే కాగితంలో దానికి గడి లేదు!

పల్లెలో ఇదంతా బావి తాడులో, కట్టెల దూరంలో, ఎరువు బస్తాల లెక్కలో కనిపిస్తుంది. అక్కడి నుంచే మొదలుపెట్టు. నేల చెడిందా అని అడక్కు. అదే చెక్కలో అదే పంట రావడానికి అప్పుడు ఎంత ఎరువు వేసేవారు, ఇప్పుడు ఎంత వేస్తున్నారు అని అడుగు. కట్టెలు ఎంత దూరం అంటే ఇంటాయన "ఇక్కడేనండీ" అంటాడు. మోసేది ఆయన కాదు కదా. ఆవిడని అడుగు, ఆయన పక్కన లేనప్పుడు.

ఏ సంవత్సరం అని పట్టుబట్టకు. పెద్ద వరదకి ముందా తర్వాతా, పెద్దమ్మాయి పుట్టాకా అంటే చక్కగా చెబుతారు. ఒకే ఇంట్లో తాతనీ మనవణ్ణీ విడివిడిగా అడగడం మర్చిపోకు. ప్రతి తరం తను మొదట చూసిందే అసలు స్థితి అనుకుంటుందని చేపల శాస్త్రవేత్త డేనియల్ పాలీ 1995లో రాశాడు. మనవడికి "బానే ఉంది" అనిపించే చెరువు తాతకి గుంట.

అలాగని వాళ్లది ఉత్త జ్ఞాపకమని తీసిపారెయ్యకు. పశ్చిమ ఆఫ్రికా దేశం గినియాలోని కిస్సిదుగు ప్రాంతంలో ఊళ్ల చుట్టూ ఉన్న చెట్ల గుంపుల్ని చూసి, ఇవి పాత అడవిలో మిగిలిన ముక్కలనీ, మిగతాది ఊరివాళ్లే నరికేశారనీ అధికారులు దశాబ్దాల పాటు నమ్మారు. ఊరివాళ్లేమో "మా పెద్దలు పెంచినవి" అన్నారు. 1990ల్లో పరిశోధకులు జేమ్స్ ఫెయిర్‌హెడ్, మెలిస్సా లీచ్ 1952లో విమానం నుంచి తీసిన ఫొటోల్ని తమ కాలం నాటి స్థితితో పోల్చి చూస్తే చాలాచోట్ల చెట్లు పెరిగాయే గానీ తగ్గలేదు.

కంటికి అందనివి మాత్రం వేరే సంగతి. ఫ్లోరైడ్‌కి, నైట్రేట్‌కి రంగూ ఉండదు, వాసనా ఉండదు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, కానీ నీళ్లు తేటగా ఉంటే ఏ ఇంట్లోనైనా మంచివే అంటారు. అక్కడ వాదనకి దిగకు. వాళ్ల మాట రాసుకో, సీసాలో నీళ్లు పట్టుకో, ఫలితం రాగానే వెళ్లి ఆ ఇంటికి చెప్పు. చాలామంది ఈ చివరి పని ఎగ్గొడతారు, అందుకే రెండోసారి వెళ్తే సరిగ్గా మాట్లాడరు. పొయ్యి పొగా అంతే. వంటన్నాక పొగ రాదా అంటారు. నువ్వు అడిగితే తప్ప దాన్ని కాలుష్యం లెక్కలో వెయ్యరు.

పొలం పనులు ముమ్మరంగా ఉన్న రోజుల్లో వెళ్లకు. కొత్త ప్రశ్నపత్రం తయారయ్యాక నాకు పంపు. ఈసారి పక్కన ఖాళీ బాగా వదులు.

ఉంటాను,
నీ పెదనాన్న