వేపచెట్టు కింద కొత్త కారు

ప్రశ్న: కొత్త కారు కొన్నాం. అపార్ట్‌మెంట్ బయట వేపచెట్టు కిందే పార్కింగ్. షోరూమ్‌వాళ్లు పెయింట్ మీద రక్షణ పొరలా పూసే సిరామిక్ కోటింగ్ వేయించుకోమంటున్నారు. అవసరమా సార్?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: తొందరపడకండమ్మా. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎగిరొచ్చే రాళ్లను సిరామిక్ ఆపదు, దానికి పెయింట్ మీద అంటించే పారదర్శక పొర, పీపీఎఫ్ ఫిల్మే కావాలి. మీకు అసలు టెన్షన్ పక్షి రెట్టలు, కారు కడిగే బోరు నీళ్లతోనే. నా కారు బానెట్ మీద బోరు నీటి బొట్లు ఎండకు ఆరి తెల్లటి ఉంగరాల్లా దిగబడ్డాయి. షాంపూతో ఎంత రుద్దినా పోలేదు, చివరికి పాలిష్ పట్టించాను. కోటింగ్ ఉన్నా ఆ మచ్చలు పడతాయి. అందుకే పెయింట్ మీద రాసే రక్షణ పూత, అంటే మంచి కార్ సీలెంట్ కొని, 4-5 నెలలకోసారి నీడలో మీరే రాసుకోండి. రెట్ట పడితే గోకొద్దు, తడిగుడ్డ వేసి నాననిచ్చి తీయండి. కడగ్గానే మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచేయండి.