హరికి, జిమ్‌లో బరువు ఎత్తే ముందు

ఒరేయ్ హరీ,

వదిన ఫోన్ చేసి చెప్పింది, సాయినగర్‌లో జిమ్‌కు మూడు నెలల ఫీజు ఒకేసారి కట్టేసినావంట. సంతోషంరా. మన ఇంట్లో ఆస్తి ఎవరికెంత వచ్చిందో గానీ షుగర్ మాత్రం జేజికి, మీ నాయనకు, నాకు సమానంగా వాటా వచ్చింది. నీ వంతు రాకముందే కదిలినావు, మంచిది. కానీ కాళ్ళకు బరువులెత్తితే టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ పెరిగి చేతులు కూడా ఊరుతాయని అమ్మతో అన్నావంటనే, ఆ మాట విన్నప్పటి నుంచి నాకు టెన్షన్.

స్క్వాట్లు (మా తాలీంఖానాలో బస్కీలు అనేవాళ్ళం) గట్టిగా చేస్తే ఆ హార్మోన్ పెరిగేది నిజమే, కానీ దాదాపు గంటలోపే మామూలుకు వచ్చేస్తుంది. కెనడాలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్ళ పరిశోధన 2010లో అచ్చయింది. కుర్రాళ్ళకు ఒక చేతికి ఉత్త చేతి వ్యాయామం, ఇంకో చేతికి వ్యాయామం కాగానే కాళ్ళకూ గట్టిగా బరువులు, ఇట్లా 15 వారాలు చేయించి చూస్తే రెండు చేతులూ ఒకే మాదిరి పెరిగినాయి. ఏ కండ మీద బరువు పడితే ఆ కండే పెరుగుతుందిరా.

మరి కాళ్ళెందుకు అంటావా? ఒంట్లో అన్నిటికంటే పెద్ద కండలు తొడల్లో, పిరుదుల్లోనే కదా. అవి పనిచేసేటప్పుడు ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలో చక్కెరను లాక్కుంటాయి, ఆ తర్వాత కూడా ఒకటి రెండు రోజులు ఇన్సులిన్ మాట బాగా వింటాయి. మన ఇంటి రోగానికి కావలసింది ఇదే. కండ పెరిగితే కూర్చున్నచోటే కొవ్వు కరుగుతుందని మాత్రం నమ్మొద్దు, కిలో కండ ఊరికే ఉంటే రోజుకు 13 కాలరీలు ఖర్చు చేస్తుందేమో, అర మిరపకాయ బజ్జీకి కూడా చాలదు.

ఇప్పుడు నా భయం చెప్తా. నాతో జిమ్‌కు వచ్చేవాడొకడు ఉండేవాడు, పేరెందుకులే. మంచి కష్టజీవి. కండ చాలలేదని కోచ్ మాట విని టెస్టోస్టెరాన్ సూదులు మొదలుపెట్టినాడు. చొక్కా చేతులు పిగిలిపోయేట్టు తయారైతే మేమంతా కుళ్ళుకున్నాం. బయటి నుంచి టెస్టోస్టెరాన్ వచ్చి పడుతుంటే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి, ఇంక మనతో పని లేదులే అని వృషణాలకు కబురు పంపడం మానేస్తుంది. అవి చిన్నవైపోతాయి, వీర్యకణాలు తయారుకావు. ఈ సంగతి వాడికి చెప్పినవాడు లేడు. పెళ్ళయింది, సూదులు ఆగలేదు. పిల్లలు లేరని ఆ అమ్మాయిని ఏళ్ళ తరబడి గుళ్ళకు తిప్పినారు. గొడ్రాలని అత్త నోటికొచ్చినట్టు అంటుంటే వీడు తల వంచుకుని సంకటి ముద్ద మింగేవాడు. చివరికి కర్నూల్లో ఒక డాక్టరు వాడికే పరీక్ష రాస్తే వీర్యకణాల కౌంట్ సున్నా. సూదులు ఆపితే చాలామందికి తిరిగొస్తుంది, నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. వాడికి వచ్చింది, కూతురు పుట్టింది. ఆ మాటలు పడిన పిల్ల మాత్రం మరిచిపోయిందని నేననుకోను.

అందుకే, నీకు హార్మోన్ తక్కువుందని ఎవడైనా అంటే పొద్దున్నే రక్తపరీక్ష చేయించుకుని డాక్టర్ని అడుగు, కోచ్‌ని కాదు.

మిగతాది నీకు తెలిసిందే. మొదటి వారం ఖాళీ రాడ్డే. కాళ్ళకు వారానికి రెండుసార్లు చాలు. మొదటిరోజే పౌరుషానికి పోయి మూత్రం డికాక్షన్ రంగులో వస్తే సిగ్గుపడకుండా ఆస్పత్రికి పరుగెత్తు, కండ చితికితే కిడ్నీల మీద పడుతుంది. ఒంటి బరువు కిలోకు రోజుకు 1.6 గ్రాముల ప్రోటీన్ చాలు, అంటే నీ 60 కిలోలకు 96 గ్రాములు. సంకటి ఒక్కటే తింటే రాదు, గుడ్లు, ఉలవలు, చెనిక్కాయలు, ఆదివారం కోడి తిను. ఎంత బక్కగా ఉన్నావురా నాయనా!

మీ జిమ్‌లో కోచ్ ఎవరో, ఎక్కడ నేర్చుకున్నాడో కనుక్కో. వచ్చే ఆదివారం నేనే వచ్చి చూస్తా, ముసలోడొచ్చినాడని నవ్వుకుంటే నవ్వుకోనీ. ఈలోగా మూడు నెలల సగటు చెప్పే షుగర్ టెస్ట్ (HbA1c) చేయించి రిపోర్టు వాట్సాప్‌లో పెట్టు. ఈ ఉత్తరం అమ్మకు చదివి వినిపించొద్దు, అసలే నీకు సంబంధాలు చూస్తోంది.

మీ చిన్నాయన