మేనకోడలికి, కొనబోయే లాప్‌టాప్ గురించి

అమ్మడూ,

ఆడిట్ ట్రైనింగులో వచ్చే స్టైపెండు డబ్బులు కూడబెట్టి లాప్‌టాప్ కొనుక్కుంటానంటున్నావని నిన్న మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చిన్నది కావాలన్నావట, 40 వేలు దాటకూడదన్నావట. "అక్కా, నువ్వు అన్నేళ్ళు ఊళ్ళు తిరిగి ఆడిట్లు చేశావు కదా, దానికి నువ్వే చెప్పు" అన్నాడు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. షాపుకి వెళ్ళేటప్పుడు ఈ ఉత్తరం దగ్గర పెట్టుకో.

షాపులో ఏ లాప్‌టాప్ అయినా బాగానే ఉంటుంది. ఏసీ ఉంటుంది, ప్లగ్గులో పెట్టి ఉంటుంది, తెర మీద నెమలి బొమ్మ కదులుతూ ఉంటుంది. నువ్వు మాత్రం ఏప్రిల్ నెలలో మధ్యాహ్నం 2 గంటలప్పుడు ఒక బ్యాంకు బ్రాంచిలో కూర్చున్నట్టు ఊహించుకో. నీకు ఇచ్చింది ఒక స్టూలు, అర బల్ల. మిగతా అర బల్ల మీద ఫైళ్ళు. ఉన్న ఒక్క ప్లగ్ పాయింటు జెరాక్స్ మెషీనుకి పోయింది. సాయంత్రం 6 లోపు మీ సార్‌కి షీట్లు పంపాలి. ఆ గంటలో నీకు అక్కరకొచ్చేది ఏదో అదే కొనాలి. నేను చెప్పేవన్నీ ఆ గంట కోసమే.

మొదట బరువు. 15.6 అంగుళాల లాప్‌టాప్‌లో కుడిపక్క అంకెల కీలు విడిగా ఉంటాయి. ఆడిట్ వాళ్ళకి అంకెలే కదా పని అని నేను మొదటిసారి అలాంటిదే కొన్నాను. లాప్‌టాప్ 2.4 కిలోలు, చార్జరు ఇంకో అర కిలో. బందరు నుంచి చల్లపల్లి, అవనిగడ్డ, అక్కణ్ణుంచి లోపలి ఊళ్ళ సహకార సొసైటీలు. సీటు దొరకని రోజు ఆ సంచి భుజానికి తగిలించుకుని ఒక చేత్తో కడ్డీ పట్టుకుని నిలబడేదాన్ని. రెండేళ్ళు తిరిగేసరికి కుడి భుజం పట్టేసింది, ఇప్పటికీ చలికాలంలో చెయ్యి పైకి లేవదు. అంకెల కీల కోసం అంత బరువు మోయనక్కర్లేదని తర్వాత తెలిసింది. నంబర్ ప్యాడ్ విడిగా దొరుకుతుంది, యూఎస్‌బీలో గుచ్చుకుంటే చాలు, ఐదారు వందల్లో వస్తుంది.

నీకు సరిపోయేది 14 అంగుళాలది, 1.4 కిలోల చుట్టుపక్కల. దాని మీద చార్జరు ఒక పావుకిలో, 300 గ్రాములు వేసుకో. కొనే ముందు ఒక పని చెయ్యి. నీ ఆఫీసు సంచిలో ఒకరోజు లీటరున్నర నీళ్ళ సీసా, ఇంకో రోజు రెండున్నర లీటర్ల నీళ్ళు పెట్టుకుని ఎప్పుడూ వెళ్ళే దారినే బస్టాండుకి వెళ్ళు, మెట్లెక్కు, బస్సులో నిలబడు. ఏది మోయగలవో సాయంత్రానికి నీకే తెలుస్తుంది. మరీ చిన్నది కావాలని 11.6 అంగుళాల వాటి జోలికి వెళ్ళకు. సినిమా చూడడానికి బాగుంటాయి గానీ ఎక్సెల్ తెరిస్తే వరసలు గట్టిగా ఇరవై కనిపించవు. కిందికీ పైకీ జరుపుతూ ఉంటే ఏ లైను ఎక్కడుందో మర్చిపోయి తప్పు చేస్తాం. 14లో కూడా 1366 ఇంటూ 768 చుక్కల (పిక్సెళ్ళ) తెర వద్దు, 1920 ఇంటూ 1080 ఉండాలి. 1920 ఇంటూ 1200 దొరికితే ఇంకా మంచిది. తెర కాస్త పొడుగ్గా ఉండి నాలుగు వరసలు ఎక్కువ కనిపిస్తాయి.

ఇక స్టోరేజీ. ఇది జాగ్రత్తగా చదువు, నేను గట్టిగా దెబ్బతిన్నది ఇక్కడే. భుజం నొప్పి తర్వాత తేలికైనదే కావాలని పట్టుబట్టి ఒక బుల్లి లాప్‌టాప్ కొన్నాను. కిలో పైచిలుకు, ధర కూడా చాలా తక్కువ. లోపల ఉన్నది 32 జీబీ ఈఎంఎంసీ. ఆ మాట పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉంది, నేను పట్టించుకోలేదు. ఈఎంఎంసీ అంటే దాదాపు ఫోన్‌లో వాడే రకం మెమరీ, బోర్డుకే అతికించి ఉంటుంది, మార్చడానికి లేదు, ఎస్‌ఎస్‌డీ (ఫైళ్ళు దాచే వేగమైన డ్రైవు) అంత వేగమూ ఉండదు. విండోస్, ఆఫీసు పడేసరికే అది నిండిపోయింది. ఒక రోజు సొసైటీలో పాలకవర్గం అంతా కూర్చుని ఉండగా అప్‌డేట్ మొదలై, స్థలం చాలదని మధ్యలో ఆగిపోయింది. నా ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లోకి తీసి, చోటు చేసి, మళ్ళీ మొదలుపెట్టి, అది నిమిషానికి ఒక శాతం చొప్పున ఎక్కుతుంటే సెక్రటరీ గారు నాకు మూడోసారి టీ తెప్పించారు. ఆ రోజు చేయాల్సిన పని మర్నాటికి పడింది, ఆ మర్నాడు ఇంకో ఊరికి మాట ఇచ్చి ఉన్నాను. అప్పటి టెన్షన్ నేను మర్చిపోలేదు.

కాబట్టి ఈఎంఎంసీ అని ఉంటే ఎంత చవకైనా తీసుకోకు. ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, అంటే ఎస్‌ఎస్‌డీల్లో వేగమైన రకం, ఉండాలి, 512 జీబీ అయితే నిశ్చింత, 256తో కూడా నెట్టుకురావచ్చు. విండోస్ 11కి కనీసం 4 జీబీ ర్యామ్ (తెరిచి ఉన్న పనుల్ని పట్టుకునే మెమరీ), 64 జీబీ స్టోరేజీ చాలని కంపెనీ రాసిన మాట నిజమే. అది యంత్రం లేచి నిలబడడానికి, నీ పని చేయడానికి కాదు. టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్), ఎక్సెల్, బ్రౌజర్‌లో పది ట్యాబులు, పక్కన ఒక పీడీఎఫ్ తెరిచి ఉండాలంటే 8 జీబీ ర్యామ్ తప్పదు.

ర్యామ్ గురించి షాపు వాళ్ళు "తర్వాత పెంచుకోవచ్చు మేడమ్" అంటారు. నమ్మే ముందు నువ్వే చూసుకో. అక్కడున్న లాప్‌టాప్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, దాని కింద మెమరీ నొక్కు. స్లాట్స్ యూజ్డ్ అన్నచోట రెండింటిలో ఒకటి వాడుతున్నట్టు కనిపిస్తే ఇంకో ముక్క పెట్టుకోవడానికి చోటుందన్నమాట. ఫామ్ ఫ్యాక్టర్ అన్నచోట రో ఆఫ్ చిప్స్ అని ఉంటే ర్యామ్ బోర్డుకి అతికించేశారని అర్థం. అక్కడే డిస్క్ నొక్కి ఎన్‌వీఎంఈ అని ఉందో లేదో కూడా చూసుకో. ఇదంతా నిమిషం పని, ఎవరినీ అడగక్కర్లేదు.

ప్రాసెసర్ మీద అంత మథనపడకు. ఐ7 అనీ ఐ9 అనీ ఊదరగొడతారు, నీ పనికి అవి అక్కర్లేదు. ఇంటెల్ ఐ3లో 1215యూ లాంటిది హాయిగా సరిపోతుంది. సెలెరాన్ ఎన్4020, ఎన్4500 మాత్రం వద్దు, రెండే కోర్లు (లోపల లెక్కలు చేసే భాగాలు), పెద్ద షీటు తెరిస్తే ఆయాసపడతాయి. ఎన్100 వాటికంటే చాలా మెరుగు, అయినా నీ బడ్జెట్‌లో ఐ3 దొరుకుతుంటే దానిదాకా దిగనక్కర్లేదు. ఏఎండీ వాళ్ళ రైజెన్ ప్రాసెసర్లలో ఒక చిక్కు ఉంది. 7320యూ అని ఉంటే 7తో మొదలైంది కదా కొత్తది అనుకుంటాం. అందులో మూడో అంకె చూడాలి. 2 అంటే జెన్ 2, ఆ డిజైను 2019 నాటిది. పనికిరాదని కాదు, ఎక్సెల్‌కి చాలు, బ్యాటరీ కూడా బాగా వస్తుంది. కానీ దానితో వచ్చే ర్యామ్ ఎప్పుడూ అతికించినదే. 8తో కొంటే అది ఉన్నన్నాళ్ళూ 8తోనే ఉంటుంది.

బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందని షాపులో అడిగితే పది, పన్నెండు అంటారు. అడగాల్సింది గంటలు కాదు, వాట్ అవర్లు, అంటే బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో ఆ లెక్క. మామూలుగా పని చేస్తుంటే లాప్‌టాప్ 7 వాట్ల దాకా లాగుతుందనుకో. 42 వాట్ అవర్ల బ్యాటరీని 7తో భాగిస్తే 6 గంటలు. తెర వెలుతురు పెంచితే ఇంకా తగ్గుతుంది. 50 పైన ఉన్నది దొరికితే ధరలో వెయ్యి రెండు వేలు తేడా ఉన్నా అదే తీసుకో.

దానికంటే ముఖ్యం, టైప్-సీ పోర్టు నుంచి చార్జింగ్ ఎక్కాలి. చవక లాప్‌టాప్‌లలో టైప్-సీ పోర్టు ఉంటుంది గానీ కొన్నిటికి దాని గుండా చార్జింగ్ ఎక్కదు, ఫైళ్ళు మాత్రమే వెళ్తాయి. పోర్టు పక్కన ప్లగ్గు బొమ్మో, పీడీ (పవర్ డెలివరీ) అన్న అక్షరాలో ఉన్నాయేమో చూడు. లేకపోతే అక్కడే ఒక 65 వాట్ల టైప్-సీ చార్జరు పెట్టించి చూడు. ఎక్కితే ఫోనుకీ లాప్‌టాప్‌కీ ఒకటే చార్జరు, సంచిలో ఒక ఇటుక తగ్గినట్టే. అంతేకాదు, 65 వాట్లు ఇచ్చే 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఉంటే కరెంటు లేని చోట కూడా నీ లాప్‌టాప్ దాదాపు ఒకసారి నిండుతుంది. చాలా రైళ్ళలో సాకెట్లు 110 వోల్టులవి. నీ చార్జరు మీద ఇన్‌పుట్ 100-240 అని ఉంటే భయం లేదు. రాత్రి 11 నుంచి తెల్లవారి 5 దాకా కొన్ని రైళ్ళలో చార్జింగ్ పాయింట్లు ఆపేస్తారు, పడుకునే ముందే నింపుకో.

పోర్టుల దగ్గర నీ వృత్తికి సంబంధించిన మాట ఒకటుంది. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లు (సంతకం దాచి ఉంచే, పెన్‌డ్రైవ్ లాంటివి) మామూలు వెడల్పాటి యూఎస్‌బీవే ఎక్కువ. నాజూకైన లాప్‌టాప్‌లలో అటువంటి పోర్టు అసలు లేనివి వస్తున్నాయి. వెడల్పు యూఎస్‌బీ కనీసం రెండు ఉండాలి, ఒకటి టోకెన్‌కి, ఒకటి నంబర్ ప్యాడ్‌కి. క్రోమ్‌బుక్ (విండోస్ బదులు గూగుల్ క్రోమ్ ఓఎస్‌తో నడిచేది) తేలికగా, చవకగా ఉందని మీ స్నేహితురాలు చెప్పిందట. తన చదువుకి బాగానే ఉండొచ్చు. నీకు కుదరదు, టాలీకి విండోస్ కావాలి. పైగా సొసైటీల వాళ్ళు ఇచ్చే పాత తీర్మానాలు చాలావరకు అనూ ఫాంట్లలో టైప్ చేసినవి. అవి యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే పద్ధతి) కావు, ఆ ఫాంటు లేకుండా తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. విండోస్‌లో ఆ ఫాంటు వేసుకుంటే చదువుకోవచ్చు. ధర తక్కువని విండోస్ లేకుండా డాస్‌తో వచ్చేది కూడా కొనకు, విండోస్ విడిగా కొంటే మిగిలింది అనుకున్నదంతా అక్కడ పోతుంది.

40 వేలు కూడా బరువనిపిస్తే పాతది కొనడం తప్పేమీ కాదు. కంపెనీలు వాడి వదిలేసిన ఆఫీసు లాప్‌టాప్‌లు బాగుచేసి అమ్ముతారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంతా కంప్యూటర్ల షాపులే, మీ అన్న అక్కడే ఉన్నాడు కాబట్టి వాణ్ణి తోడు తీసుకెళ్ళు. ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదో తరానికి తక్కువైనది మాత్రం ముట్టుకోవద్దు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, ఏడో తరం వాటిలో దాదాపు దేనికీ 11కి అనుమతి లేదు. లెనోవో వాళ్ళ థింక్‌ప్యాడ్ టీ480 ఎక్కువగా ఎనిమిదో తరంలోనే దొరుకుతుంది, కాస్త బరువు గానీ వెనక బ్యాటరీ చేత్తో ఊడదీసి ఇంకోటి పెట్టుకోవచ్చు, ర్యామూ పెంచుకోవచ్చు. ఎక్స్280 దానికంటే బాగా తేలిక, కానీ ర్యామ్ అతికించినది.

పాతదానిలో బ్యాటరీ చూడకుండా డబ్బు ఇవ్వకు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇంగ్లీషులో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని కలిపి కొట్టు. ఒక ఫైలు తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలు ఉంటాయి. మొదటిది 48,000 అయి రెండోది 26,000 ఉంటే సగం చచ్చిన బ్యాటరీ అది, కొత్త బ్యాటరీ ధర తగ్గించమని అడుగు.

కొత్తదైనా పాతదైనా కొనే ముందు మూడు నిమిషాలు కూర్చుని టైప్ చెయ్యి. నీ పేరు కాదు, ఒక పేరా మొత్తం. కీబోర్డు మధ్యలో వేలితో అదిమితే లోపలికి కుంగిపోతే అది ఎక్కువకాలం ఉండదు. తెరని కొంచెం వెనక్కి వాల్చి చూడు, రంగులు వెలిసిపోయి నల్లబడితే ఐపీఎస్ (ఏ వైపు నుంచి చూసినా రంగు మారని తెర) కాదు. మూత ఎత్తినప్పుడు మడత బందు దగ్గర కిర్రుమంటే వద్దని లేచి వచ్చెయ్.

వారంటీలో ఇంటికొచ్చి బాగుచేసేది ఉందో, మనమే పట్టుకెళ్ళాలో బిల్లు చేసే ముందే అడుగు. నువ్వు తిరిగే ఊళ్ళలో సర్వీసు సెంటర్లు ఉండవు. కొన్నాక మొదటి రోజే డివైస్ ఎన్‌క్రిప్షన్ (వేరేవాళ్ళు ఫైళ్ళు చదవలేకుండా చేసేది) ఆన్ చేసుకుని, దాని రికవరీ కీ కాగితం మీద రాసి ఇంట్లో బీరువాలో పెట్టు. అందులో ఉండేది నీ లెక్కలు కాదమ్మా, పరాయివాళ్ళవి. బస్సులో సంచి పోతే లాప్‌టాప్ ఒక్కటే పోవాలి.

నా దగ్గర పాత నంబర్ ప్యాడ్ ఉంది, కొత్తది కొనకు. ఈసారి బందరు వచ్చినప్పుడు పట్టుకెళ్ళు. 5 కీ కాస్త గట్టిగా నొక్కాలి, మిగతావన్నీ బాగానే పనిచేస్తున్నాయి. కొనాలనుకున్నదాని మోడల్ నంబరు ముందు నాకు పంపు, డబ్బు కట్టే ముందు ఒకసారి చూస్తాను.

ఆశీస్సులతో,
నీ అత్తయ్య