జనం ఓటేస్తే టీచర్ పెన్షన్ పోతుందా?

ప్రశ్న: ఇల్లినాయ్‌లో పబ్లిక్ స్కూల్ టీచర్‌ని. 2018లో చేరాను, ఏడేళ్ల సర్వీసు. గ్రీన్‌కార్డు ఉంది. టీచర్ల పెన్షన్లు తగ్గించే ప్రతిపాదనను ఓటింగుకు పెట్టాలంటూ షాపు ముందు సంతకాలు సేకరిస్తున్నారు. అది నెగ్గేలోపే కట్టిన డబ్బు వెనక్కి తీసేసుకోమంటున్నారు మావారు. ఏం చేయమంటారు?

జవాబు: డబ్బు తీయకండమ్మా. ఆ సంతకాలతో మీ పెన్షన్‌ను ఎవరూ ముట్టుకోలేరు. 1970 నాటి ఇల్లినాయ్ రాజ్యాంగం 13వ అధికరణం 5వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ పెన్షన్ పథకంలో సభ్యత్వం కాంట్రాక్టుతో సమానం, దాని ప్రయోజనాలు తగ్గించడానికి వీల్లేదు. తగ్గిస్తూ 2013లో చేసిన చట్టాన్ని 2015 మేలో రాష్ట్ర సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది. ఖజానాలో డబ్బుల్లేవన్న వాదన అక్కడ నిలబడలేదు.

ఆ సెక్షన్ మార్చడానికి సంతకాల దారి లేదు. పౌరుల పిటిషన్‌తో సవరించగలిగేది శాసనసభ నిర్మాణం, పద్ధతులకు సంబంధించిన 4వ అధికరణాన్ని మాత్రమే. పెన్షన్ సెక్షన్‌కైతే ముందు ఉభయసభల్లో 60 శాతం సభ్యులు ఒప్పుకోవాలి. తర్వాత ఆ ప్రశ్నపై పోలైన ఓట్లలో 60 శాతం, లేదా ఆ ఎన్నికలో ఓటేసిన వాళ్లందరిలో సగానికి మించి రావాలి. 2012 నవంబరులో పెన్షన్ పెంపులను కష్టతరం చేసే సవరణకు సగానికి పైగా ‘అవును’ అన్నా ఆ గీత దాటలేక వీగిపోయింది. మీరు చూసిన కాగితంపై ‘అడ్వైజరీ’ అన్న మాట ఉంటే అది వట్టి అభిప్రాయ సేకరణ.

కొత్తగా చేరేవాళ్లకు తగ్గించడానికి మాత్రం అడ్డు లేదు. 2011 జనవరి 1 నుంచి చేరినవాళ్లను శాసనసభ ప్రయోజనాలు తక్కువుండే ‘టియర్ 2’ అనే తరగతిలో వేసింది అలాగే. మీరూ అందులోనే ఉన్నారు. పాతవాళ్లలాగే జీతంలో 9 శాతం కడుతూ వాళ్లకంటే తక్కువ పొందడం అన్యాయమే.

ఇక రిఫండ్. ఉద్యోగం మానితేనే ఇస్తారు, వడ్డీ రాదు, ఏడేళ్ల సర్వీసూ తుడిచిపెట్టుకుపోతుంది. టియర్ 2లో పెన్షన్‌కు పదేళ్లు నిండాలి. ఇంకో మూడేళ్లు చేస్తే ఏడాదికి 2.2 చొప్పున పెన్షన్ సగటు జీతంలో 22 శాతం అవుతుంది. చివరి పదేళ్లలో వరుసగా ఎక్కువ జీతమున్న ఎనిమిదేళ్ల సగటు 70,000 డాలర్లనుకోండి, 67వ ఏట నుంచి ఏటా 15,400 డాలర్లు, జీవితాంతం. 62కే కావాలంటే 30 శాతం కోత. ఈ జీతంపై సోషల్ సెక్యూరిటీ (ఫెడరల్ ప్రభుత్వ వృద్ధాప్య పెన్షన్) కట్టరు కనుక ఈ ఉద్యోగం తాలూకు ఆసరా ఇదొక్కటే. మీవారి సోషల్ సెక్యూరిటీలో మీకొచ్చే భార్య వాటాకు ఈ పెన్షన్ వల్ల పడే కోతను 2025 జనవరి చట్టంతో ఎత్తేశారు.

పిటిషన్‌పై మాత్రం సంతకం చేయకండి. చేసేవాళ్లు ఓటరుగా నమోదై ఉండాలి, గ్రీన్‌కార్డుతో ఓటరు కాలేరు. డ్రైవింగ్ లైసెన్స్ కౌంటర్లో ఓటరు నమోదు గురించి అడిగితే ‘వద్దు’ అనండి. పొరపాటున పేరెక్కి ఓటేస్తే దేశం నుంచి పంపించేదాకా వెళ్లొచ్చు, పౌరసత్వానికీ అడ్డొస్తుంది. ఇప్పటికే సంతకం పెట్టేసి ఉంటే పౌరసత్వ దరఖాస్తు వేసేముందు ఇమ్మిగ్రేషన్ లాయరును కలవండి.