రోజూ సాయంత్రం ‘ఇంటికి వెళ్తాను’ అనే మామగారికి ఏమని చెప్పాలి?

ఒడిశాలోని గుణుపురంలో ఉంటున్న మీ మామగారికి 78 ఏళ్లు, ఏడాదిగా మతిమరుపు, పొద్దు వాలేసరికి సొంత ఇంట్లోనే కూర్చుని ‘ఇంటికి వెళ్తాను’ అంటున్నారు, ‘ఇదే మన ఇల్లు’ అంటే కోప్పడుతున్నారు, ఈ మధ్య ఒడియాలో పలకరిస్తే బదులివ్వడం లేదు అని రాశారు. నేను డాక్టరును కాను. పర్లాకిమిడిలో మా అమ్మను ఆరేళ్లు చూసుకున్న కూతురిని.

అమ్మ పుట్టిల్లు కాశీనగర్. ఒడియా బడిలో 31 ఏళ్లు టీచరుగా పనిచేసింది. మతిమరుపు జబ్బు (డిమెన్షియా) ముదిరాక సాయంత్రం నాలుగున్నర దాటితే చాలు, ‘చిన్న రైలు వేళవుతోంది, నా సంచి ఎక్కడ పెట్టారు’ అని గది గదికీ తిరిగేది. నౌపడా నుంచి మీ గుణుపురం దాకా నడిచిన పాత నారో గేజి రైలు అది. మొదటి ఏడాదంతా నేను ఆమెకు చరిత్ర పాఠం చెప్పాను. ‘అమ్మా, ఆ రైలు 2004లోనే ఆగిపోయింది. అమ్మమ్మ పోయి ఇరవై ఏళ్లవుతోంది. ఎవరి దగ్గరికి వెళ్తావు?’ అనేదాన్ని. అమ్మమ్మ పోయిందన్న మాట విన్న ప్రతిసారీ ఆమెకు అది ఆ రోజు జరిగిన చావే. కుళ్లికుళ్లి ఏడ్చేది. ఎందుకు ఏడ్చిందో అరగంటలో మరిచిపోయేది, దిగులు మాత్రం రాత్రి దాకా వదిలేది కాదు. నిజం చెప్పాననుకుంటూ నేను చేసిన పని ఇది.

ఒకరోజు విసుగెత్తి స్టేషనుకే తీసుకెళ్లాను. బ్రాడ్ గేజి పెట్టెలు చూసి ‘ఇది మా రైలు కాదు’ అంది, ప్లాట్‌ఫారం మీద కూలబడింది. ఆటోవాలా, నేను కలిసి లేపుకొచ్చాం. ఆ రాత్రి మా ఆయన ‘రైలు లేదని ఎందుకంటావు? ఆలస్యంగా వస్తుందట అను’ అన్నారు. అమ్మతో అబద్ధమా అని నాకు మనసొప్పలేదు. అయినా మర్నాడు అన్నాను. ‘రైలు ఆలస్యమట, అన్నం తిని బయలుదేరుదాం. స్టేషనుకు ఎవరు వస్తారు నిన్ను తీసుకెళ్లడానికి?’ అంతే, అమ్మ కూర్చుంది. వాళ్ల నాన్న గొడుగు, వంశధార ఇసుక, అమ్మమ్మ కుండలో పోసే తరవాణి, అన్నీ చెప్పుకొచ్చింది. అన్నం తినేసరికి రైలు సంగతి మరిచిపోయింది. రోజూ ఇలా జరిగిందని చెప్పను. పదిసార్లలో ఆరేడుసార్లు పనిచేసింది, మిగతా రోజుల్లో చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా నడిచి వచ్చేవాళ్లం. చీకటి పడకముందే ఇంట్లో లైట్లన్నీ వేయడం కూడా మేలు చేసింది. మసక వెలుతురులో నీడలు చూసి భయపడేది.

ఇక ఒడియా సంగతి. తరువాత నేర్చుకున్న భాష ముందుగా జారిపోవడం ఈ జబ్బు వచ్చిన చాలామందిలో కనిపిస్తుంది. పిల్లలకు ఒడియా దిద్దించిన మనిషే చివరికి ఒక్క ఒడియా మాటా అందుకోలేకపోయింది. పరీక్షలప్పుడు ఇది గుర్తుంచుకోండి. బరంపురంలో జ్ఞాపకశక్తి పరీక్షను ఒడియాలో చేశారు. ‘ఇది ఏ నెల’ అంటే అమ్మ ‘కార్తీకం’ అంది. అక్షరాలా సరైన జవాబే, కాగితం మీద మాత్రం తప్పు పడింది. రెండోసారి నేను పక్కన కూర్చుని తెలుగులో అడిగించాను, మార్కులు మెరుగ్గా వచ్చాయి. ఇంట్లో సాయానికి పెట్టుకున్న ఆయాకు తెలుగు రాదు. ఎవరో పరాయి మనిషి తిడుతోందనుకుని అమ్మ ఆమెను కొట్టబోయేది. ‘అన్నం తిందామా’, ‘నొప్పిగా ఉందా’, ‘భయం లేదు’ లాంటి పదిహేను తెలుగు మాటలు ఒడియా లిపిలో రాసి వంటింటి తలుపుకు అంటించాను. వారం తిరిగేసరికి ఆయా వాటిని పాటలా పలకడం మొదలుపెట్టింది, అమ్మ చేతులు దించింది.

ఇవన్నీ చేసే ముందు మామగారికి బి12, థైరాయిడ్ రక్తపరీక్షలు చేయించారో లేదో చూడండి. ఈ రెంటి లోపం వల్ల వచ్చే మతిమరుపు మందులతో కొంతైనా తగ్గవచ్చు. ఈ మధ్య పడి తలకు దెబ్బ తగిలి ఉంటే అదీ డాక్టరుకు చెప్పండి. ఉన్నట్టుండి రెండు మూడు రోజుల్లోనే మనిషి మారిపోతే జబ్బు ముదిరిందని సరిపెట్టుకోకండి. ఒకసారి అమ్మ గోడ మీద మనుషులున్నారని కేకలు పెట్టింది, తీరా చూస్తే మూత్రంలో ఇన్‌ఫెక్షన్. యాంటీబయాటిక్ వాడాక వారంలో కుదుటపడింది. అమ్మకు మతిమరుపుకు వాడే డోనెపెజిల్ మాత్ర రాసిచ్చారు. అది జబ్బును నయం చేయదు, కొందరికి కొంతకాలం తెలివిని నిలబెడుతుంది. అమ్మకు రాత్రి వేస్తే పీడకలలు వచ్చేవి, డాక్టరును అడిగి పొద్దుటికి మార్చాం.

డబ్బు వ్యవహారాలు ఇప్పుడే చక్కబెట్టండి. మేము చేసిన పెద్ద తప్పు ఇక్కడే. పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకున్నాం కదా అని నిశ్చింతగా ఉన్నాం. రాసిచ్చిన మనిషికి మతి స్థిమితం పోతే ఆ కాగితం చెల్లదని తరువాత తెలిసింది. మీ మామగారికి విషయం అర్థమవుతున్నప్పుడే జాయింట్ ఖాతా, నామినీ, వీలునామా చూసుకోవాలి.

చుట్టాల గురించి ఒక మాట. మా అన్నయ్య సూరత్‌లో ఉంటాడు. ఫోనులో పది నిమిషాలు మాట్లాడి ‘అమ్మ బాగానే ఉందే, నువ్వే కంగారు పడుతున్నావు’ అనేవాడు. ఆ పది నిమిషాలూ అమ్మ నిజంగానే బాగా మాట్లాడేది! దసరాకు వచ్చి ఎనిమిది రోజులున్నాడు. మూడో రాత్రి రెండు గంటలకు అమ్మ వీధి తలుపు గొళ్లెం తీస్తుంటే పట్టుకున్నది అతనే. ఆ తరువాత నెలనెలా ఆయా జీతం పంపాడు. మీ ఇంట్లోనూ నమ్మనివాళ్లుంటే వాదించకండి, వారం ఉండమనండి.

మీకు కోపం వస్తుంది. నేను ఒకసారి అమ్మ చెయ్యి గట్టిగా పట్టి లాగాను, మర్నాడు ఆ వేలిముద్రలు కమిలి కనిపించాయి. అలాంటి రాత్రి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే మనసు బాధలకు ఫోనులో సాయం చేసే, ప్రభుత్వం నడిపే టెలి మానస్ ఉంది, నంబరు 14416, ఖర్చు లేదు. 2022 అక్టోబరులో మొదలైంది, మా అమ్మ రోజుల్లో లేదు.

మీ మామగారు అడుగుతున్న ఇల్లు ఏ ఊరిదో మీ అత్తగారికి తెలిసే ఉంటుంది. ఆ వీధి, ఆ వాకిలి, అక్కడ ఎదురుచూసే మనుషుల పేర్లు ఆమెను అడిగి రాసిపెట్టుకోండి. రేపు సాయంత్రం ఆయన లేచి చెప్పుల కోసం వెతుకుతున్నప్పుడు మీరు అడగాల్సిన ప్రశ్నలు అందులోనే దొరుకుతాయి.