మైనంతో బొమ్మలు వేసే అమ్మాయి ఏం చదవాలి?

ప్రశ్న: మాది నరసన్నపేట. మా పాప ఇంటర్ రెండో ఏడాది, ఎంపీసీ. కొవ్వొత్తులు, క్రేయాన్లు కరిగించి అట్టల మీద పోసి, ఇస్త్రీపెట్టెతో అద్ది బొమ్మలు వేస్తుంది. కొన్నాళ్ళకి అవి పగిలిపోతాయి, మళ్ళీ వేస్తుంది. ఫైన్ ఆర్ట్స్ చదువుతానంటోంది. వాళ్ళ నాన్న బీటెక్ తప్ప వద్దంటున్నారు. నాకు ఒకటే టెన్షన్.

జవాబు: అమ్మా, పగిలిపోయినా మళ్ళీ వేస్తోందన్నారు చూడండి, నేను మీ ఉత్తరంలో రెండుసార్లు చదివింది ఆ మాటే. ఆ పట్టుదల ఉన్న పిల్లను ఫైన్ ఆర్ట్స్‌కు పంపవచ్చనే నా అభిప్రాయం.

పాప చేస్తున్నది పిచ్చి పని కాదు. దాన్ని ఎన్‌కాస్టిక్ పెయింటింగ్ అంటారు. ఈజిప్టులో ఫయూమ్ ప్రాంతంలో సుమారు 1,900 ఏళ్ళ కిందట చెక్క మీద మైనం రంగులతో వేసిన ముఖచిత్రాలు ఇప్పటికీ కళగా ఉన్నాయి. అమెరికా చిత్రకారుడు జాస్పర్ జాన్స్ 1954-55లో తమ దేశ జెండాను వేసిందీ ఈ పద్ధతిలోనే. ఇస్త్రీపెట్టె వాడటం కూడా ఇందులో ఉన్నదే.

బొమ్మలు పగలడానికి కారణం అట్ట. అది వంగితే మైనం బీటలిస్తుంది. ప్లైవుడ్ ముక్క ఇవ్వండి. కొవ్వొత్తి మైనం పెళుసు, తేనెమైనం వాడమనండి. సీతంపేట వైపు సంతల్లో తేనె అమ్మేవాళ్ళని అడిగి చూడండి. అందులో డామర్ అనే చెట్టుబంక కొద్దిగా కలిపితే గట్టిపడుతుంది. అది మన గుగ్గిలం లాంటిదే. తేనెమైనం 62-64 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి సన్నని వేడి చాలు. కిటికీలు తెరిచి, కరెంటు స్టవ్ మీదే చేయాలి. పొగ వస్తే వెంటనే ఆపేయాలి. పొరపాటున మంటంటుకుంటే నీళ్ళు పోయకూడదు, మూత పెట్టాలి. ఇది మాత్రం పక్కనుండి మీరే చూసుకోండి.

ఇక చదువు సంగతి. మైనం ఒక్కదానికే డిగ్రీ ఉండదు, పెయింటింగ్‌లో బీఎఫ్ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ చేయాలి. నాలుగేళ్ళ కోర్సు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ మీకు దగ్గర, సెలవులకి ఇంటికి వచ్చేయొచ్చు. దూరం పంపగలిగితే శాంతినికేతన్, బరోడా ఉన్నాయి. ఎంపీసీ చదవడం ఇందుకు అడ్డేమీ కాదు.

వాళ్ళ నాన్నగారి భయం సంపాదన గురించే అనుకుంటాను, అది న్యాయమైన భయమే. బొమ్మలు అమ్ముకుని మాత్రమే బతకడం మొదట్లో చాలా కష్టం. స్కూళ్ళలో ఆర్ట్ టీచర్, యానిమేషన్, బట్టల డిజైన్ లాంటి పనుల్లో ఎక్కువమంది నిలదొక్కుకుంటారు. బాతిక్ అనే బట్టల అద్దకంలో మైనమే రంగును ఆపుతుంది. పాపకు ఆ దారి కూడా నచ్చవచ్చు.

ప్రవేశ పరీక్షల్లో మైనం పని అడగరు. చూసి గీయడం, గుర్తుంచుకుని గీయడం, రంగుల కూర్పు చూస్తారు. అందుకని ఇంటర్ పరీక్షలు అయ్యేదాకా మైనం ఆదివారానికి ఉంచి, మిగతా రోజుల్లో ఓ అరగంట పెన్సిల్ పట్టమనండి.